పదిహేనేళ్లు పడుకున్న బండిని లేపేటప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

మా వీధి చివర ఇంటి గరాజులో 1970 నాటి ఎమ్‌జీబీ కారు ఒకటి పదిహేనేళ్లుగా దుప్పటి కప్పుకుని పడుకుని ఉండేది. ఇది ఒహాయోలోని కొలంబస్. బండి పెద్దాయన పోయాక ఆయన భార్య దాన్ని నాకు అమ్మేసింది. ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చిన రాత్రే విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు అంబాసిడర్లు బాగుచేసిన మా మావయ్యకు వీడియో కాల్ చేసి, "రేపు సెల్ఫ్ కొట్టేస్తా మావయ్యా" అన్నాను. బానెట్ ఎత్తి చూపించమన్నాడు. కాసేపు చూసి, "ఇది మన అంబాసిడర్ ఇంజనుకి అన్నగారు కదరా అల్లుడూ" అన్నాడు. నిజమే. రెండూ బ్రిటిష్ కంపెనీ బీఎంసీ వాళ్ల బీ సిరీస్ ఇంజన్లే. మన అంబాసిడర్‌ది 1489 సీసీ, దీనిది 1798 సీసీ. ఆ తర్వాత ఆయన అడిగింది ఒక్కటే. "స్టార్ట్ అవుద్దో లేదో తర్వాత చూద్దాం. ఆగుద్దా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. పాత బండి కొన్న ఎవరి దగ్గరా ఉండదు. అందరం బ్యాటరీ పెట్టి, పెట్రోలు పోసి, తాళం తిప్పడానికే తొందరపడతాం. ఆ ఇంజను మోత వినాలన్న ఆత్రమే ఇందులో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. బండి ముందు ఆగాలి, తర్వాత అంటుకోకుండా ఉండాలి, స్టార్ట్ కావడం ఆ తర్వాతి సంగతి. నేను ఈ వరస పాటించిన చోట బాగానే ఉన్నాను, పాటించని చోట చెయ్యి కాల్చుకున్నాను. అది మాటవరసకు అంటున్నది కాదు.

ముట్టుకోవడానికి ముందు

ఏళ్ల తరబడి నిలబడ్డ బండిలో ముందుగా కాపురం పెట్టేది ఎలుకలు. నా బండి ఎయిర్ ఫిల్టర్ డబ్బాల్లో, సీట్ల వెనక, హీటరు పెట్టెలో గూళ్లు దొరికాయి. చీపురు తీసుకుని ఊడ్చేయకండి, వ్యాక్యూమ్ పెట్టకండి. అమెరికాలో కొన్ని రకాల ఎలుకల రెట్టలో, మూత్రంలో హంటా వైరస్ ఉండొచ్చు. ఎండిన రెట్ట దుమ్ముగా లేచి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. కేసులు ఎక్కువగా పశ్చిమ రాష్ట్రాల్లోనే బయటపడినా, జాగ్రత్త పడితే పోయేదేమీ లేదు. తలుపులు అరగంట బార్లా తెరిచి ఉంచండి. చేతికి రబ్బరు తొడుగులు, ముక్కుకు మంచి మాస్కు వేసుకోండి. ఒక వంతు బ్లీచుకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి గూటిని, రెట్టను బాగా తడపండి. అయిదు నిమిషాలు నాననిచ్చి కాగితంతో ఎత్తి సంచిలో కట్టి పారేయండి.

తర్వాత గరాజును ఒకసారి చుట్టూ చూడండి. ఇక్కడి ఇళ్లలో చాలాచోట్ల గ్యాసుతో నడిచే వాటర్ హీటరు గరాజులోనే ఒక మూల ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. అది పైకి పోదు, నేల మీద నీళ్లలా పాకి ఆ మంట దగ్గరికి పోతుంది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా పెట్రోలు అంటుకునేంత ఆవిరి ఇస్తుంది, కాబట్టి ఒహాయో చలి మనల్ని కాపాడదు. ట్యాంకు ముట్టుకునే పని ఏదైనా బండిని ఆరుబయటికి తోసుకుని చేయండి.

ఒంటి మీది సంగతి కూడా. ఉంగరం, కడియం, మెడలో గొలుసు, చేతి గడియారం అన్నీ తీసి ఇంట్లో పెట్టి రండి. చేతికి కట్టుకున్న కాశీతాడు లోహంలా బ్యాటరీని షార్టు చేయదు గాని ఫ్యాను బెల్టుకు చిక్కుతుంది, దాన్ని కూడా విప్పండి. మళ్లీ కట్టుకోవచ్చు.

జాకీ మీద నమ్మకం పెట్టుకోకండి

ఎమ్‌జీబీకి అసలు జాకీ పెట్టే చోటు తలుపు కింద, సిల్‌లో ఉంటుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు సిల్‌ను లోపలి నుంచి తినేస్తుంది. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నేను స్క్రూడ్రైవరు మొనతో అక్కడ మెల్లగా నొక్కాను. అప్పడంలో వేలు దిగినట్టు దిగింది. అక్కడ జాకీ పెట్టి ఉంటే అది పైకి చొచ్చుకుపోయి బండి నా వైపు ఒరిగేది.

గట్టి నేల మీద, ముందు క్రాస్‌మెంబరు కింద, వెనక యాక్సిల్ కింద జాకీ పెట్టి ఎత్తండి. ఎత్తిన వెంటనే స్టాండ్లు పెట్టి బండిని వాటి మీదికి దించండి. నేల మీద ఉన్న చక్రాలకు ముందూ వెనకా దుంగలు పెట్టండి. స్టాండ్ల మీద ఉన్న బండిని ఒకసారి పక్కలకు తోసి చూడండి. కదిలితే మళ్లీ మొదటి నుంచి. ఉత్త జాకీ మీద ఉన్న బండి కిందికి తల పెట్టకండి, "రెండు నిమిషాల పనే" అనిపించినా సరే. ఇటుకలు పెట్టకండి. ఇటుక పగిలే ముందు ఏ హెచ్చరికా ఉండదు.

వైరు చక్రాలుంటే వాటి మధ్య నట్టు మీద విప్పే దిశ చెక్కి ఉంటుంది. కుడి వైపు, ఎడమ వైపు మరలు వ్యతిరేకం. అమెరికా చట్టం వల్ల ఆ కాలపు బళ్లకు చెవులు లేని, ఎనిమిది పలకల నట్లు వచ్చాయి. దానికి సరిపోయే స్పానరుతోనే పని. ఇనప సుత్తి వాడకండి.

ఆగడం

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తడి పట్టాక ఆ అంకె 155కు దిగిపోవచ్చు. పదిహేనేళ్లలో ఇది ఇంకా ఎంత చెడిందో చెప్పలేం. నా మాస్టర్ సిలిండరు మూత తీస్తే అడుగున ఉన్నది కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. ఆ తడికే లోపల పిస్టన్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి. రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. వీటిలో చెడ్డ సంగతి ఏమిటంటే, గరాజులో పెడల్ తొక్కితే చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. రోడ్డెక్కాక మూడో సారికో నాలుగో సారికో నేలకు పోతుంది.

కాబట్టి పెడల్ గట్టిగా ఉందని వదిలేయకండి. మాస్టర్ సిలిండరు, వెనక చక్రాల సిలిండర్లు, ముందు క్యాలిపర్లు విప్పి చూడండి, లేదా మార్చేయండి. రబ్బరు గొట్టాలు మూడుంటాయి, ముందు చక్రానికొకటి చొప్పున రెండు, వెనక యాక్సిల్ మొత్తానికి ఒకటి. మూడూ మార్చండి. నేను ముందు రెండే మార్చాను. వెనకది చూడడానికి నిక్షేపంలా ఉంది. ఆ సంగతి చివర్లో వస్తుంది. గాలి తీసేటప్పుడు కొత్త ఆయిలు తేటగా వచ్చేదాకా వదలండి. ఉన్నది ఏ రకమో తెలుసుకోకుండా డాట్ 5 సిలికోన్ ఆయిలు పోయకండి, అది డాట్ 4తో కలవదు. డాట్ 4 ఆయిలు చిందితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లతో కడగండి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపల నల్లటి పొడి ఉంటుంది. ఆ కాలపు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. మన ఊళ్లో మెకానిక్కులు ఎయిర్ పైపు పెట్టి బుస్సుమని ఊదేవాళ్లు. మావయ్య కూడా ఊదినవాడే. ఇప్పుడు దగ్గుతూ "వద్దురా" అంటాడు. తడిగుడ్డతో, సబ్బు నీళ్లతో తుడవండి, ఆ గుడ్డను సంచిలో మూటకట్టండి. బ్రేకు క్లీనరు స్ప్రే వాడితే డబ్బా మీద క్లోరిన్ సంగతి చదవండి. క్లోరిన్ ఉన్న స్ప్రే తడి ఆరకముందే ఆ ఇనుము మీద వెల్డింగు పెడితే ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. అది మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని చంపడానికి వాడిన వాయువు.

టైర్లకు పువ్వు ఉన్నా పనికిరావు. 2000 తర్వాత తయారైన టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. నావాటి మీద 2306 అని ఉంది, అంటే 2006లో 23వ వారం. పదేళ్లు దాటిన వాటిని మారు మాట్లాడకుండా పారేయండి.

పెట్రోలు

పాత పెట్రోలు వాసన మీకు తెలిసిపోతుంది. వార్నిషు డబ్బా మూత తీసినట్టుంటుంది. అది ఇంజనులో సరిగ్గా మండదు సరిగదా, జిగురై కార్బొరేటరు సన్న దారులన్నీ మూసేస్తుంది. తీసేయాలి. ఎలా అన్నదే ప్రశ్న.

మనందరికీ తెలిసిన పద్ధతి, చిన్నప్పుడు స్కూటర్ల దగ్గర చూసిన పద్ధతి, సన్న గొట్టం పెట్టి నోటితో లాగడం. చేయకండి. మింగిన పెట్రోలు కన్నా పొరపోయి ఊపిరితిత్తుల్లోకి దిగిన నాలుగు చుక్కలే ఎక్కువ చెరుపు చేస్తాయి. చేతిపంపు గొట్టం అతి చవగ్గా దొరుకుతుంది. పెట్రోలు కోసమే తయారైన డబ్బాలోకి తీయండి, డబ్బాను నేల మీద పెట్టి నింపండి. దీపం కావాలంటే ఎల్‌ఈడీ మాత్రమే. పాతకాలపు వేడి బల్బు జారి పడి పగిలితే ఆ ఎర్రటి తీగే అగ్గిపుల్ల. తీసిన పెట్రోలును డ్రైనేజీలోనో పెరట్లోనో పారబోయకండి. కౌంటీ వాళ్లు ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి ఇవ్వండి.

ఖాళీ అయిన ట్యాంకు ఇంకా ప్రమాదం. నిండు ట్యాంకులో గాలి ఉండదు. ఖాళీ ట్యాంకులో ఆవిరీ గాలీ పేలడానికి సరిపోయే పాళ్లలో కలుస్తాయి. చిల్లు పడిన ట్యాంకును ఇంట్లో వెల్డింగు చేయకండి, నీళ్లతో కడిగాను కదా అనుకోకండి. ఎమ్‌జీబీకి కొత్త ట్యాంకు ఇప్పటికీ దొరుకుతుంది.

ఇథనాల్ సంగతి. ఇక్కడి బంకుల్లో సాధారణంగా 10 శాతం కలుస్తుంది. మన దేశంలో ఇప్పుడు 20 శాతం. పాత రబ్బరు గొట్టాలు దానికోసం తయారైనవి కావు, మెత్తబడి, ఉబ్బి, పగుళ్లిస్తాయి. హైదరాబాదులోనో రాజమండ్రిలోనో ఇంట్లో పాత హెరాల్డ్, పద్మిని దాచుకున్నవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. ట్యాంకు నుంచి కార్బొరేటరు దాకా ఉన్న ప్రతి రబ్బరు ముక్కనూ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్చండి. క్లిప్పులూ కొత్తవి వేయండి.

ఇప్పుడు నా చెయ్యి కథ. మావయ్య వద్దన్నా వినకుండా ఆ మొదటి శనివారమే బ్యాటరీ పెట్టాను. ఎయిర్ ఫిల్టర్లు ఊడదీసి ఉన్నాయి. సీసా మూతతో కొంచెం పెట్రోలు కార్బొరేటరు నోట్లో పోసి, పక్కింటబ్బాయిని తాళం తిప్పమన్నాను. ఇంజను ఒకసారి వెనక్కి తన్నింది. కార్బొరేటరు నోట్లోంచి జానెడు మంట వచ్చి వెళ్లిపోయింది. రెప్పపాటు. కమురు వాసన వచ్చాక గాని ముంజేతి మీద వెంట్రుకలు లేవని తెలియలేదు. మరో చేతిలో మూత తీసిన పెట్రోలు సీసా ఉంది. ఆ సీసా గుర్తొస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు.

కార్బొరేటరులో చేత్తో పెట్రోలు పోయకండి. ఎయిర్ ఫిల్టరు లేకుండా స్టార్టు చేయకండి, ఆ జాలీ మంటను కొంతవరకు ఆపుతుంది. పాత ట్యాంకును ఇంకా నమ్మలేకపోతే పడవ ఇంజన్లకు వాడే మూత బిగిసే చిన్న ట్యాంకు తెచ్చి, పైపుతో కలిపి, ఇంజనుకు దూరంగా నేల మీద పెట్టండి.

పంపు చెప్పే మాట వినండి

ఈ బండిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఎస్‌యూ కరెంటు పంపు. వెనక కుడి చక్రానికి ముందు, లోపలి పక్కన ఉంటుంది. తాళం ఒక్క మెట్టు తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా ఆగితే టకటకటక కొట్టుకుంటుంది. కార్బొరేటరు గిన్నెలు నిండే కొద్దీ నెమ్మదిస్తుంది, టక్... టక్... తర్వాత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వచ్చాకే సెల్ఫ్ కొట్టండి.

నా బండిలో అది ఆగలేదు. నిమిషమైనా టకటకలాడుతూనే ఉంది. తాళం తీసేసి చూస్తే ముందు కార్బొరేటరు ఓవర్‌ఫ్లో గొట్టం నుంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. ఈ ఇంజనులో కార్బొరేటర్లూ ఎగ్జాస్టు మానిఫోల్డూ ఒకే పక్కన, ఒకదాని ఒళ్లో ఒకటి ఉంటాయి. చల్లటి ఇంజను కాబట్టి తడి మాత్రమే మిగిలింది. వేడిగా ఉండి ఉంటే? ఫోనులో మావయ్య, "స్క్రూడ్రైవరు పిడితో గిన్నె మూత మీద మెల్లగా తట్టు" అన్నాడు. తట్టాను, లోపల ఇరుక్కున్న నీడిల్ వాల్వు కదిలింది, పంపు ఆగింది. నేను ఎగిరి గంతేసేలోపు ఆయనే, "ఇవాళ్టికి కదిలింది. రేపు సిగ్నల్ దగ్గర మళ్లీ ఇరుక్కుంటది. విప్పి కొత్తది వేసెయ్" అన్నాడు. వేశాను.

కరెంటు

1970 బండిలో బ్యాటరీలు సీట్ల వెనక, నేల కింద ఉంటాయి. ఆరు వోల్టులవి రెండు. 1967 చివరి దాకా తయారైన ఎమ్‌జీబీలకు పాజిటివ్ ఎర్తు. అలాంటి దానికి వేరే కారు నుంచి జంపర్ వైర్లు పెడుతున్నప్పుడు రెండు బళ్ల బంపర్లు తగిలినా చాలు, షార్టవుతుంది. ఏ ఎర్తో మీరే స్వయంగా చూసుకోండి. పాత యజమాని మార్చి ఉండొచ్చు కూడా.

వైర్ల రంగులు నేర్చుకోండి. లూకస్ పద్ధతిలో గోధుమరంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, తాళం తీసినా కరెంటు ఉంటుంది, ఫ్యూజు ఉండదు. తెల్ల వైరు తాళం తిప్పితే బతుకుతుంది, దానికీ ఫ్యూజు లేదు. ఆకుపచ్చకు ఉంటుంది. బండి మొత్తానికి ఏడాదిని బట్టి రెండో నాలుగో ఫ్యూజులు, అంతే. ఎలుక కొరికిన గోధుమ వైరు బాడీకి తగిలితే దాన్ని ఆపేది ఏదీ లేదు. అందుకని బ్యాటరీ దగ్గర కట్-ఆఫ్ స్విచ్ పెట్టించుకోండి. పని ముగిసిన ప్రతి సాయంత్రం ఆపేయండి. కాలిపోయిన ఫ్యూజు చోట సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టే తెలివి చూపించకండి.

తిప్పడం, స్టార్టు

ఇంజను పట్టేసి ఉంటే సెల్ఫ్‌తో బలవంతం చేయకండి, బండికి తాడు కట్టి లాగకండి. ప్లగ్గులు తీసి, ఒక్కో సిలిండరులో కాస్త ఆయిలు పోసి, రెండు మూడు రోజులు వదిలి, చేత్తో తిప్పండి. తిరిగాక ఇంజను ఆయిలు మార్చండి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ కొట్టి, డ్యాష్‌బోర్డులో ఆయిలు ప్రెషరు ముల్లు లేచేదాకా చూడండి. దానికి ముందు కాయిలు వైరు పీకేయండి. ప్లగ్గు రంధ్రాల నుంచి ఆయిలూ పెట్రోలూ పొగమంచులా చిమ్ముతాయి, అక్కడ స్పార్కు ఉండకూడదు. మొహం ఆ రంధ్రాలకు ఎదురుగా పెట్టకండి.

క్లచ్చు ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయి ఉండొచ్చు. పెడల్ తొక్కినా గేరు విడవదు. కాబట్టి ఎప్పుడూ న్యూట్రల్‌లోనే స్టార్టు చేయండి, బండి ముక్కు గోడ వైపో మనుషుల వైపో ఉండకూడదు.

స్టార్టు ఆరుబయటే. గరాజు తలుపు తెరిచి ఉంచితే చాలదా అంటారు. చాలదు. 1970 బండికి క్యాటలిటిక్ కన్వర్టరు లేదు. చోకు లాగి ఉన్నప్పుడు ఇంకా ఘాటుగా కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. రక్తంలో హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి మొదలైందంటే ఆలస్యమైనట్టే. ఇంటి గోడకు ఆనుకున్న గరాజైతే ఆ గాలి ఇంట్లో పిల్లల గదికి పోతుంది.

అగ్నిమాపక సిలిండరు బండి పక్కన కాదు, మీరు పారిపోయే దారిలో ఉంచండి. బానెట్ కింద మంట కనిపిస్తే మూత పూర్తిగా ఎత్తకండి, గాలి తగిలి భగ్గుమంటుంది. తాళం తీసేసి, కొద్దిగా సందు చేసి అందులోంచి కొట్టండి. లొంగకపోతే వదిలేసి దూరంగా పోయి 911కు ఫోన్ చేయండి. ఒంటరిగా ఈ పని చేయకండి. తాళం దగ్గర ఒకరు, బయట ఒకరు ఉండాలి. ఇంజను తిరుగుతుండగా ఫ్యాను ముందు చేతులు పెట్టకండి, దానికి ముసుగు లేదు. కారిన కూలెంటును కుక్కలు తీపికి ఆశపడి నాకుతాయి, చచ్చిపోతాయి. వెంటనే తుడవండి.

మొదటి చుట్టు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, వీధిలో ఎవరూ లేనప్పుడు బయల్దేరాను. ముందు డ్రైవ్‌వేలోనే నడక వేగంతో మూడుసార్లు బ్రేకు తొక్కి చూశాను. చేతి బ్రేకు కూడా. సీటు కింద జారే సామానేదీ ఉంచలేదు, పానా ఒకటి పెడల్ కిందికి దొర్లితే చాలు. బెల్టు పెట్టుకున్నాను. ఫోను జేబులో, అగ్నిమాపక సిలిండరు పక్క సీటు ముందు నేల మీద కట్టి. ఇంటి చుట్టూ ఒక్క చుట్టు, అంతే. హైవే ఆలోచన మొదటి వారంలో పెట్టుకోకండి.

వెనక్కొచ్చి ఆపగానే ఇంజను చూడకండి, చక్రాలు చూడండి. ముట్టుకోకుండా అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెడితే సెగ తెలుస్తుంది. ముందు చక్రాలు గోరువెచ్చగా ఉన్నాయి. వెనక రెండూ పెనంలా కాలుతున్నాయి. నేను మార్చని ఆ ఒక్క గొట్టం లోపల ఉబ్బి, ఆయిలును పోనిస్తోంది గాని తిరిగి రానివ్వడం లేదు. పెడల్ వదిలినా బ్రేకు వదలడం లేదు.

విజయవాడలో అప్పటికి సాయంత్రం. మావయ్య ఫోనెత్తగానే అడిగాడు.

"ఆగిందా?"

"ఆగింది మావయ్యా. ఇప్పుడు కదలనంటోంది."

"వెనక గొట్టం" అన్నాడు ఆయన, టీ చప్పరిస్తూ. "జాకీ ఎక్కించు. స్టాండ్లు మర్చిపోకు."